పాత బోటు డాష్‌బోర్డుకి ఫరియా ఆరు గేజ్‌ల సెట్టు: కొనేముందు సెండర్ సంగతి చూడండి

ముందే తేల్చి చెప్పేస్తే చదివేవాళ్లకి సమయం మిగులుతుంది. అమెరికాలో 1980ల నుంచి 2000 దాకా తయారైన, మెర్‌క్రూజర్ పెట్రోలు ఇంజిన్‌తో నడిచే స్టెర్న్‌డ్రైవ్ బోటుకి (ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ తిప్పే డ్రైవ్ వెనక బయట ఉండేది) ఫరియా కంపెనీ చెసపీక్ గేజ్‌ల సెట్టు సరైన కొనుగోలే. ఆరింటిలో అయిదు గేజ్‌లు చెప్పిన పని చేస్తాయి. ఆరోది నీటి ఒత్తిడితో నడిచే స్పీడోమీటరు. అది ఏ కంపెనీది తెచ్చినా అంతంతమాత్రమే. ఆ గొడవ కింద చెప్తాం.

సెట్టులో ఉండేవి టాకోమీటరు, స్పీడోమీటరు, ఫ్యూయల్, ఆయిల్ ప్రెషర్, నీటి టెంపరేచర్, వోల్ట్‌మీటరు. ట్రిమ్ గేజ్ (డ్రైవ్ ఎంత ఎత్తి ఉందో చూపించేది) కావాలంటే విడిగా కొనుక్కోవాలి. డబ్బా తెరవకముందే టాకోమీటరు మీద అంకె చూడండి. స్టెర్న్‌డ్రైవ్‌కి 6000 ఆర్‌పీఎం డయల్ సరిపోతుంది, 7000 డయల్ ఉన్నవి బోటు వెనక బయట తగిలించే అవుట్‌బోర్డ్ మోటర్ల కోసం. అట్లాంటా పక్కన లేక్ లేనియర్‌లోనో, షార్లెట్ దగ్గర లేక్ నార్మన్‌లోనో తిప్పుకోవడానికి పాత సీ రే, బేలైనర్ బోట్లు చూసుకునే మన తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బొమ్మ బాగుందని ఆర్డరు పెట్టేస్తారు, వచ్చింది అవుట్‌బోర్డ్ సెట్టు.

పాత గేజ్‌కి వయసు మీదపడ్డ గుర్తులు చెప్పక్కర్లేదు. ఎండకి ప్లాస్టిక్ అద్దం పసుపు తిరుగుతుంది, ఎర్రముల్లు వెలిసి తెల్లబడుతుంది, తెల్ల డయల్ మీగడరంగుకి వస్తుంది, స్టీలు అంచు కింద తుప్పు పాకుతుంది. అమోనియా కలిసిన గ్లాస్ క్లీనర్లతో తుడిస్తే ఆక్రిలిక్ అద్దం మీద సన్నటి పగుళ్లు లేస్తాయి. దోమల మందు రాసుకున్న చేతులు తగిలినా మచ్చ పడుతుంది. చూపుకి సంబంధించిన ఈ జబ్బులన్నిటికీ మందు కొత్త గేజే. కానీ ముల్లు కదలకపోవడం, వణకడం, ఎప్పుడూ ఒకేచోట నిలబడిపోవడం మాత్రం సగానికి సగం గేజ్ తప్పు కాదు. వెనక చిలుము పట్టిన ఎర్త్ వైరో, ఇంజిన్ మీదో ట్యాంకులోనో ఉండి కొలత తీసి గేజ్‌కి పంపే సెండర్ చచ్చిపోవడమో అయి ఉంటుంది. అది తేల్చుకోకుండా సెట్టు కొంటే కొత్త గేజ్ కూడా పాతదాని లాగే అబద్ధం చెప్తుంది.

తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. ముందు ఇంజిన్ గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, అంటే బ్లోయరు, నాలుగు నిమిషాలు నడపండి, పెట్రోలు బోటులో దీనికి మినహాయింపు లేదు. ఇగ్నిషన్ ఆన్ చేసి, గేజ్ వెనక ఎస్ (సెండర్) అని రాసిన స్టడ్, అంటే వైరు బిగించే మర, మీది వైరు ఊడదీయండి. ముల్లు అట్టడుగుకి పడాలి. తర్వాత ఒక చిన్న వైరుతో ఎస్ స్టడ్‌ని జీ స్టడ్‌కి, అంటే ఎర్త్‌కి, క్షణం పాటు తాకించండి. ముల్లు చివరిదాకా పైకి లేవాలి. అమెరికన్ పద్ధతి గేజ్‌లలో ఫ్యూయల్, ఆయిల్, టెంపరేచర్ మూడింటికీ ఇదే పరీక్ష, ఇదే జవాబు. రెండు పనులూ చేస్తే గేజ్ బతికే ఉంది, రోగం వైరులోనో సెండర్‌లోనో ఉందన్నమాట. ముల్లు కదలకపోతే గేజ్‌ని తిట్టేముందు ఇగ్నిషన్ కరెంటు వచ్చే ఐ స్టడ్ మీద 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. ఆ తర్వాత మల్టీమీటరు నల్లతీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్రతీగ గేజ్ ఎర్త్ స్టడ్ మీద పెట్టి, లైట్లన్నీ వేసి చూడండి. 0.1, 0.2 వోల్టులకి మించి చూపిస్తే ఎర్త్ దారిలో చిలుము ఉంది.

ఇక అసలు విషయం సెండర్ లెక్క. గేజ్ నిజానికి పెట్రోలునీ చూడదు, నూనెనీ చూడదు. సెండర్‌లో ఎన్ని ఓమ్‌ల నిరోధం ఉందో చూసి ముల్లు తిప్పుతుంది, అంతే. ప్రపంచంలో రెండు పెద్ద పద్ధతులున్నాయి. అమెరికన్ ఫ్యూయల్ సెండర్ ఖాళీ ట్యాంకుకి 240 ఓమ్‌లు, సగానికి సుమారు 103, నిండుకి 33. యూరప్ పద్ధతిలో తలకిందులు: ఖాళీకి 10 లోపు, నిండుకి 180 దగ్గర. ఆయిల్ ప్రెషర్‌కి కూడా అంతే, అమెరికన్‌లో సున్నా ఒత్తిడికి 240, 80 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) 33. టెంపరేచర్ సెండర్లు రెండు పద్ధతుల్లోనూ వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గించేవే. కానీ అంకెలు వేరు. అమెరికన్ సెండర్ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 450 ఓమ్‌లు చూపిస్తే, వీడీఓ కంపెనీ వాళ్ల యూరప్ సెండర్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర 287 చూపిస్తుంది. ఆ రెండూ దాదాపు ఒకే వేడి.

రెంటినీ కలిపేస్తే ఏమవుతుందో ఫ్యూయల్ గేజ్‌తో చూస్తే బాగా అర్థమవుతుంది. యూరప్ సెండర్ ఉన్న ట్యాంకుకి ఫరియా అమెరికన్ గేజ్ పెట్టారనుకోండి. ట్యాంకు నిండా ఉన్నప్పుడు 180 ఓమ్‌లు వస్తాయి, గేజ్ పావు ట్యాంకు దగ్గర్లో చూపిస్తుంది. సగం అయ్యేసరికి 90 చిల్లర, ముల్లు సగం దగ్గరే ఉంటుంది, చూసినవాళ్లు బాగానే ఉందనుకుంటారు. ట్యాంకు ఖాళీ అయ్యేసరికి ముల్లు నిండు గుర్తు దాటి నిలబడుతుంది. సరస్సు మధ్యలో ఇంజిన్ ఆగినప్పుడు కూడా గేజ్ మాత్రం ఫుల్ అనే అంటుంది.

అందుకని కొనేముందు ప్రతి సెండర్ మీద వైరు ఊడదీసి, సెండర్ స్టడ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఓమ్‌లు కొలిచి కాగితం మీద రాసుకోండి. చల్లటి ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్ సెండర్ 240 దగ్గర ఉంటే అమెరికన్, 10 దగ్గర ఉంటే యూరప్. ఇంకో మెలిక ఉంది. పైన ఫ్లైబ్రిడ్జి ఉండి రెండు చోట్ల స్టీరింగ్ ఉన్న బోటులో రెండు గేజ్‌లు ఒకే సెండర్‌ని పంచుకుంటాయి, అక్కడ సగం నిరోధం ఉన్న డ్యుయల్ స్టేషన్ సెండర్ ఉంటుంది. కింద డాష్‌లో ఒక్క గేజ్ మార్చి, పైది పీకేసి ఊరుకుంటే ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ రెండూ లేనంత ఎక్కువగా కనిపిస్తాయి. మెర్‌క్రూజర్ ట్రిమ్ సెండర్‌ది పూర్తిగా వేరే లెక్క: డ్రైవ్ పూర్తిగా దిగినప్పుడు 167 ఓమ్‌లు, ఎత్తినప్పుడు 10. ట్రిమ్ గేజ్ విడిగా తెప్పించేటప్పుడు మెర్క్యురీకి తగినదని రాసి ఉందో లేదో చూసుకుని తీసుకోండి.

గేజ్‌లు రాగానే డాష్‌కి బిగించకండి. బల్ల మీద పెట్టి 12 వోల్టుల బ్యాటరీతో, ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరికే 240, 100, 33 ఓమ్‌ల రెసిస్టర్లు మూడింటితో పరీక్షించండి. 240 పెడితే ఖాళీ, 100 పెడితే సగం, 33 పెడితే నిండు. కాస్త అటూ ఇటూ ఉంటే పరవాలేదు, ముల్లు మందం అంత తేడా మామూలే. కరెంటు తీసేసినప్పుడు ముల్లు ఎక్కడున్నది అక్కడే ఉండిపోవడం చూసి కంగారు పడి వెనక్కి పంపేవాళ్లున్నారు. ఆ రకం గేజ్‌లో లోపలి కాయిళ్లకి కరెంటు లేనప్పుడు ముల్లు ఎక్కడైనా ఆగొచ్చు. అది లోపం కాదు.

రంధ్రాల కొలత విషయంలో పాత అమెరికన్ బోట్ల వాళ్లకి అదృష్టం కలిసొస్తుంది. చిన్న గేజ్‌లకి 2 అంగుళాల 1/16, అంటే దాదాపు 52 మిల్లీమీటర్లు. టాకోకీ స్పీడోకీ 3 అంగుళాల 3/8, అంటే 86 మిల్లీమీటర్లు. చాలా బోట్లలో ఇవే ఉంటాయి. 1990ల్లో కొన్ని పెద్ద బోట్లలో 5 అంగుళాల డయళ్లు వేశారు. ఆ రంధ్రంలో ఈ గేజ్ జారి లోపలికి పడిపోతుంది, కాబట్టి తగ్గించే రింగు కొనాలి, లేదా ప్యానెల్ కొత్తది కోయించుకోవాలి. రంధ్రం పెద్దది చేయాల్సి వస్తే హోల్ సా (గుండ్రంగా కోసే రంపం) మధ్య డ్రిల్లుకి పట్టు దొరకదు. ప్లైవుడ్ ముక్కలో కావలసిన సైజు రంధ్రం ముందే చేసి, దాన్ని ప్యానెల్ మీద క్లాంపుతో బిగించి, ఆ ప్లైవుడ్ రంధ్రాన్నే దారిగా వాడుకోవాలి. ఆక్రిలిక్ ప్యానెల్ అయితే మాస్కింగ్ టేపు అంటించి మెల్లటి వేగంతోనే కోయండి, వేడికి కరిగి బ్లేడుకి అంటుకుంటుంది. వెనక స్టడ్లూ వైర్లూ కలిపి కనీసం 4 అంగుళాల ఖాళీ ఉందో లేదో స్టీరింగ్ షాఫ్టు వైపు చెయ్యిపెట్టి చూసుకోండి.

చెసపీక్ అంచు మెరుగు పెట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు, అద్దం వంపు తిరిగి ఉంటుంది. ఎండలో వంపు అద్దం మీద వెలుగు చుక్క ఒకటి ఎప్పుడూ కనిపిస్తుంది, ఇది నచ్చనివాళ్లు చదును అద్దం ఉన్న సిరీస్ చూసుకోవచ్చు. తెల్ల డయల్ పగలు చక్కగా కనిపిస్తుంది. రాత్రిపూట చీకటి నీళ్ల మీద వెళ్లేవాళ్లకి నల్ల డయలే మేలు, తెల్ల డయల్ వెలుగు విండ్‌షీల్డు మీద పడి కళ్లకి అడ్డం వస్తుంది.

వైరింగ్ సామాను పెద్దగా కాదు. టిన్ పూత పూసిన, 16 గేజ్ మందం ఉన్న మెరైన్ రాగివైరు ఊదా, నలుపు, ముదురు నీలం రంగుల్లో మూడేసి మీటర్లు. హీట్ ష్రింక్ ఉన్న రింగ్ లగ్గులు 30. ఒక 5 ఆంపియర్ల ఫ్యూజు, ఎర్త్ వైర్లన్నీ ఒకచోట కలిపే ఒక చిన్న బస్‌బారు. రంగులు అమెరికా బోట్లన్నిటిలో దాదాపు ఒకటే: ఊదా ఇగ్నిషన్ 12 వోల్టులు, నలుపు ఎర్త్, బూడిదరంగు టాకో, లేత గోధుమ టెంపరేచర్, లేత నీలం ఆయిల్ ప్రెషర్, గులాబీ ఫ్యూయల్, ముదురు నీలం డయల్ లైట్లు. మెర్‌క్రూజర్‌లో ట్రిమ్‌కి గోధుమ మీద తెల్లచార. అయినా ముప్పై ఏళ్ల బోటులో మధ్యలో ఎవరెవరు చెయ్యి పెట్టారో తెలీదు, కాబట్టి రంగుని నమ్మి కలపకండి. పాతది విప్పేముందు ప్రతి వైరుకీ టేపు చుట్టి ఏ గేజ్‌లో ఏ స్టడ్‌దో రాయండి, ఫోటో కూడా తీయండి. బ్యాటరీ నెగటివ్ ఊడదీశాకే పని మొదలు.

గేజ్ నుంచి గేజ్‌కి ఎర్త్ గొలుసులా లాగడం అందరూ చేసేదే. మధ్యలో ఒక నట్టు వదులైతే దాని తర్వాతున్న ముళ్లన్నీ ఒకేసారి పిచ్చిగా తిరగడం కూడా అందుకే జరుగుతుంది. చివరి గేజ్ నుంచి ఇంకో వైరు తిరిగి బస్‌బారుకి తెస్తే గొలుసు వలయం అవుతుంది, ఒకచోట తెగినా రెండో వైపు నుంచి ఎర్త్ అందుతుంది. అర మీటరు వైరు ఖర్చు, అంతే. స్టడ్ల నట్లు వేళ్లతో బిగించాక రెంచితో కొంచెం తిప్పి ఆపండి. బలం చూపిస్తే స్టడ్ లోపలే తిరిగి కాయిల్ తీగ తెగుతుంది, ఆ గేజ్ ఇక చెత్తబుట్టకే.

టాకోమీటరు దగ్గర ఒక్క స్క్రూ తప్పుతో చాలా డబ్బు పోతుంది. వెనక ఉన్న సెలెక్టర్‌ని ఇంజిన్‌లో ఎన్ని సిలిండర్లుంటే ఆ అంకెకి తిప్పాలి, అదీ కరెంటు తీసేసి ఉన్నప్పుడు. నాలుగు సిలిండర్ల 3.0 లీటర్ ఇంజిన్ ఒక చుట్టుకి 2 పల్సులు ఇస్తుంది, 4.3 లీటర్ వీ6 మూడు, 5.7 లీటర్ వీ8 నాలుగు. వీ6 ఇంజిన్‌కి సెలెక్టర్ 8 దగ్గర వదిలేస్తే నిజంగా 4600 తిరుగుతున్న ఇంజిన్ 3450 అని చూపిస్తుంది. ఈ ఇంజిన్లలో చాలావాటికి ఫుల్ త్రాటిల్ పరిధి 4400 నుంచి 4800. మరి 3450 చూసిన యజమాని ఏం చేస్తాడు? ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైందని తక్కువ పిచ్‌ది కొంటాడు, ఆ తర్వాత ఇంజిన్ పరిమితి దాటి తిరుగుతుంటే ముల్లు మాత్రం ఇప్పుడు సరిపోయిందంటుంది. బిగించాక ఆర్‌పీఎం చూపించే టైమింగ్ లైటుతో ఒకసారి సరిచూడటం తప్పనిసరి. పాత టాకో ముల్లు ఉండుండి దూకుతుంటే కూడా ముందు ఆ సెలెక్టర్‌నే అటూ ఇటూ పదిసార్లు తిప్పి మళ్లీ స్థానంలో పెట్టండి. కాంటాక్టు మీది పొర చెదిరి చాలాసార్లు బాగుపడుతుంది, కొత్తది కొనక్కర్లేదు.

బూడిదరంగు వైరుతో జాగ్రత్త. అది ఇగ్నిషన్ కాయిల్ నెగటివ్ నుంచి వస్తుంది. డాష్ వెనక ఎక్కడో ఒరుసుకుని ఎర్త్ తాకిందా, ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోతుంది, మళ్లీ స్టార్టు కాదు. కొత్త గేజ్‌లు పెట్టిన మర్నాడు ఇంజిన్ స్పార్కు లేకుండా ఆగిందంటే మొదట కాయిల్ దగ్గర ఆ బూడిద వైరు ఊడదీసి చూడాలి.

సెండర్లు కూడా మార్చేస్తుంటే, ఒంటి స్టడ్ సెండర్లకి ఎర్త్ దారి వాటి మరలే. వాటికి టెఫ్లాన్ టేపు దిట్టంగా చుడితే ఎర్త్ తెగుతుంది, ముల్లు చచ్చినట్టు పడుకుంటుంది. ద్రవ సీలెంటు చుక్క చాలు. టెంపరేచర్ సెండర్ పక్కనే అలారం స్విచ్ కూడా అదే ఆకారంలో ఉంటుంది. దాని వైరు లేత గోధుమ మీద నీలం చార, గేజ్ వైరు అందులో పెడితే ముల్లు ఎప్పుడూ చల్లగానే ఉందని చెప్తుంది.

ఫ్యూయల్ గేజ్ బాగుండి కూడా నిండు ట్యాంకుకి ముప్పావు దగ్గరే ఆగిపోతోందంటే చాలాసార్లు గులాబీ వైరు దారిలోనో ట్యాంకు ఎర్త్‌లోనో చిలుము వల్ల అదనంగా చేరిన 20, 30 ఓమ్‌లే కారణం. 33కి 20 కలిస్తే 53, ముల్లు నిండు చేరదు. సెండర్ మార్చాల్సే వస్తే, దాని అంచుకున్న అయిదు స్క్రూ రంధ్రాలు సమాన దూరాల్లో ఉండవు, అందుకే అది ఒకే ఒక్క స్థానంలో కూర్చుంటుంది, గాస్కెట్ రంధ్రాలు కుదిరేదాకా తిప్పి చూడండి. ట్యాంకు సగం కంటే తక్కువ ఉన్నప్పుడే విప్పండి, పొడవు మాత్రం పాతదాన్ని కొలిచే కొనండి.

ఇప్పుడు స్పీడోమీటరు. డ్రైవ్ ముందంచులోని లేదా బోటు వెనక అంచున బిగించిన పిటో గొట్టం నీటి ఒత్తిడిని సన్నటి గొట్టం గుండా గేజ్‌కి పంపుతుంది. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 30 మైళ్ల దగ్గర సుమారు 13 పీఎస్‌ఐ, 10 మైళ్ల దగ్గర ఒకటిన్నర లోపు. అందుకే నెమ్మదిగా పోయేటప్పుడు ముల్లు నిద్ర లేవదు, అలలు లేపకుండా మెల్లగా పోవాల్సిన నో వేక్ ప్రాంతంలో అది చెప్పే అంకెకి అర్థం లేదు. పైగా నాచు, మట్టి పట్టి రంధ్రం మూసుకుపోతుంది. శుభ్రం చేయడానికి కంప్రెసర్ గాలి కొట్టేవాళ్లు ముందు గేజ్ వెనక నుంచి గొట్టం ఊడదీయాలి. లేకపోతే లోపలి వంకర గొట్టం సాగిపోయి కొత్త గేజ్ మొదటిరోజే పోతుంది. సెట్టులో వచ్చింది కదా అని దీన్ని బిగించడం కంటే అదే సిరీస్‌లో జీపీఎస్ స్పీడోమీటరు విడిగా తీసుకోవడం మంచిది. యాంటెన్నా ఫైబర్‌గ్లాస్ డాష్ కింద దాచినా పనిచేస్తుంది, అల్యూమినియం కింద మాత్రం చేయదు. ఒక రంధ్రం, మూడు వైర్లు, నాచు గొడవ లేదు.

వోల్ట్‌మీటరు గురించి రెండు మాటలు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 1970ల బోట్లలో ఆ స్థానంలో ఆమ్‌మీటరు ఉంటుంది, చార్జింగ్ కరెంటంతా దాని గుండానే పోతుంది. దాన్ని పీకి వోల్ట్‌మీటరు పెట్టేటప్పుడు ఆమ్‌మీటరుకి వచ్చిన రెండు లావు వైర్లనీ ఒకదానికొకటి గట్టిగా కలిపి ఇన్సులేట్ చేయాలి. అలా కలపకపోతే బోటులో ఏదీ వెలగదు. ఆ రెండింటినీ వోల్ట్‌మీటరు రెండు స్టడ్లకి పెట్టారంటే కూడా అదే గతి.

డాష్ మీద దిక్సూచి ఉంటే గేజ్‌లలోని కాయిళ్లు, అయస్కాంతాలు దాన్ని కాస్త లాగుతాయి. కరెంటు వేసి, తీసి, దిక్సూచి ఎంత కదిలిందో చూసి మళ్లీ సరిచేసుకోండి.

పోటీదారు వెరాట్రాన్ వాళ్ల వ్యూలైన్, ఒకప్పటి వీడీఓ. పొగమంచు పట్టని రెండు పొరల అద్దం, నీళ్లకి గట్టి రక్షణ, వెనక చేత్తో తిప్పి బిగించే పెద్ద నట్టు. ఉప్పునీటి తీరంలో కప్పు లేకుండా ఉంచే బోటుకి దాని మీద ఎక్కువ పెట్టడం దండగ కాదు. అయితే ఒకే గేజ్ అమెరికన్, యూరప్ సెండర్లకి వేర్వేరు నమూనాల్లో వస్తుంది, కాగితం మీద రాసుకున్న ఓమ్‌లు చూసి మరీ ఎంచుకోవాలి. ఎన్‌ఎంఈఏ 2000 (బోటు పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డిజిటల్ భాష) తెర పెడదామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి, కార్బొరేటర్ ఇంజిన్ నేరుగా ఆ భాష మాట్లాడదు. ఆక్టిసెన్స్ ఈఎంయూ-1 లాంటి మార్పిడి పెట్టె మధ్యలో కావాలి, సెండర్లు అవే ఉంటాయి. మంచినీటి సరస్సులో వారాంతాల్లో తిప్పే పాత బోటుకి అంత హంగామా అక్కర్లేదు, ఫరియా సెట్టు చాలు.

మొత్తం పని తొందర లేకుండా చేస్తే ఒక రోజు. పాత టాకోలోనో విడిగానో గంటల మీటరు ఉంటే, పీకేముందు దాని అంకె ఫోటో తీసి సర్వీసు పుస్తకంలో తేదీతో రాసిపెట్టండి. కొత్తది సున్నా నుంచి మొదలవుతుంది. అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది ఆ అంకే.